మనిషి పొడవు చెక్క

“అట్టముక్కలు వద్దు,” అన్నాడు అంతోని, మనవరాలు లూర్దు చేతిలోని చెప్పుల పెట్టెను పక్కకు జరుపుతూ. “సిలువ అన్నాక చెక్కతో చెయ్యాలి.”

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికి పిల్లలు ఇంట్లో తయారుచేసిన సిలువలు గుడికి తేవాలని ఫాదర్‌గారు చెప్పారు. జానెడు ఉంటే చాలన్నారు. లూర్దు చీపురుపుల్లలు కడదామంది. దాని తమ్ముడు జోజి ఈతాకు అల్లుదామన్నాడు. ఐసుపుల్లలు కూడా దాచి ఉంచారు. అంతోని అన్నిటికీ వంక పెట్టాడు. చీపురుపుల్ల నిలవదు, ఈతాకు వాడిపోతుంది, ఐసుపుల్లకు చీమలు పడతాయి.

చివరికి తనే తేల్చాడు. మామిడి చెక్కలు కావాలి, మనిషి పొడవువి. గాలివానకు కూలిన చెట్లవి బసవపున్నయ్య కొట్లో ఉన్నాయి. వాటితోపాటు తెల్లగుడ్డ, నల్ల రిబ్బను, కొవ్వొత్తులు, మేకులు.

“జానెడు సిలువకి అంత చెక్కెందుకు తాతయ్యా?” అంది లూర్దు.

“కోసుకుంటూ పోతే ఎలాగూ పొట్టిదవుతుంది.”

పటమటలో ఏ క్రైస్తవుల ఇంట మనిషి పోయినా శవపెట్టె చేసేది బసవపున్నయ్యే. అతని కొట్టుకు సరిగ్గా ఎదురుగా సైకిల్ షాపు నడుపుతున్నవాడు అంతోని తమ్ముడు బాలశౌరి.

అన్నదమ్ములకు మాటల్లేవు. అంతోని భార్య అమలమ్మ పోయినప్పుడు, వదిన సమాధికని బాలశౌరి టేకు సిలువ చేయించి తెచ్చాడు. అప్పటికే అంతోని సిమెంటుది పోయించాడు. ఊరంతా చూస్తుండగా బాలశౌరి తన సిలువను భుజాన వేసుకుని వెనక్కి తీసుకుపోతూ, ఇక నీ గడప తొక్కేది నీ పెట్టె మొయ్యడానికే అని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత అంతోని ఎవరెవరి చేతనో కబురు పంపాడు. ఒకసారి తనే షాపుకు వెళ్ళి నిలబడ్డాడు. బాలశౌరి తలెత్తకుండా ఎవరిదో టైరుకు గాలి కొడుతూ ఉండిపోయాడు.

అన్నదమ్ములు సమాధానపడకుండా ఈస్టరుకు గుడిలో దివ్యసత్ప్రసాదం తీసుకోవడం ఏం బాగుంటుందని ఫాదర్‌గారు నిరుడే అన్నారు. ఈ ఏడు కూడా అనిపించుకోవడం అంతోనికి ఇష్టంలేదు. పైగా సాయంత్రం పూట ఆ సైకిల్ షాపు దారిన కాక చుట్టు తిరిగి గుడికి పోవడం మోకాళ్ళకు కష్టంగా ఉంది.

అందుకే చెక్కలు. ఈ నలభై రోజుల తపస్సుకాలంలో అబద్ధమాడకూడదు. ఆడడం లేదు. చెక్క కొనమంటున్నాడు, అంతే. చూసినవాళ్ళు ఏమనుకోవాలో జ్ఞానోపదేశం పుస్తకంలో ఎక్కడా లేదు. పిల్లలకు మాత్రం, దారిలో నవ్వొద్దని, తపస్సుకాలమని, మొహాలు కిందికి దించుకుని నడవమని గట్టిగా చెప్పి పంపాడు.

వాళ్ళు వెళ్ళాక రేడియో కట్టేసి, తలుపు చేరవేసి, దాని వారగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక గాని తట్టలేదు. పెట్టె చెక్కలు చూసి కూడా తమ్ముడు టైరుకు గాలి కొడుతూ ఉండిపోతే? ఇక ఆ తర్వాత ఆశపడడానికి ఏమీ మిగలదు. ఈతాకే మేలేమో అనిపించింది.

అంతలో సందు మొదట్లో ఏడుపు వినిపించింది.

“పోయావా అన్నయ్యా. ఒక్క మాటైనా చెప్పకుండా పోయావా.”

అంత పెద్ద గొంతుతో బాలశౌరి తమ అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. రిక్షా ఆగింది. తలుపు భళ్ళున తెరుచుకుంది. బాలశౌరి గడప దాటి, నట్టింట్లోకి వచ్చి, కుర్చీలో ఉన్న అన్నను చూసి ఆగిపోయాడు.

“ఉన్నావా?”

“ఉన్నాన్రా.”

“మరి ఈ చెక్కలు?”

“పిల్లలకు బొమ్మ సిలువ చేద్దామని.”

బాలశౌరి తుండుతో మొహమంతా తుడుచుకున్నాడు. తల కొట్టుకున్నాడు. ముసలితనం వస్తే బుద్ధి రావాలిగాని పోకూడదన్నాడు. లూర్దు, జోజి గుమ్మంలో నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నవ్వొద్దన్న మాట ఇంకా గుర్తున్నట్టుంది.

“ఒట్టు ఎలాగూ మట్టిలో కలిసింది,” అన్నాడు బాలశౌరి చివరికి. “ఇంకేముంది, కాఫీ ఇప్పించు.”

“ఈ నలభై రోజులూ కాఫీ మానేశాన్రా.”

“నేనూ మానేశాననుకో. ఊరికే అడిగాను. మజ్జిగుందా?”

మజ్జిగ తాగాక గోడ మీది వదిన ఫోటో ముందు కాసేపు నిలబడ్డాడు. ఈసారి చప్పుడు లేదు. తర్వాత లుంగీ ఎగ్గట్టి రంపం అడిగాడు. జానెడు సిలువ కోసి, నున్నగా గీకి, పిల్లల చేత తెల్లగుడ్డ వేయించాడు. మిగిలిన చెక్కతో అన్నకు మోకాళ్ళు నొయ్యకుండా కూర్చోవడానికి ఎత్తు పీట చేయిస్తానన్నాడు. ఆదివారం మట్టలు పట్టుకుని కలిసే గుడికి పోదామని చెప్పి, రిక్షా ఎక్కాడు.

అంతోనికి సంతోషంగా ఉంది, సిగ్గుగానూ ఉంది. పాపసంకీర్తనంలో ఈ మోసం సంగతి ఫాదర్‌గారికి ఎలా చెప్పాలో మనసులో మాటలు కూర్చుకుంటున్నాడు.

“చెక్కలు చూసి చిన్నతాతయ్య బాగా బెదిరిపోయాడా?” అని లూర్దును అడిగాడు.

“పరిగెత్తుకొచ్చి, మీ తాతయ్యకేమైందని అడిగారు. ఏం కాలేదు, బొమ్మ సిలువ చేస్తున్నారని చెప్పాను. అబద్ధం చెప్పకూడదుగా. కాసేపు ఆలోచించి, పదండి నేనూ వస్తానని రిక్షా పిలిచారు.”

అంతోని రిక్షా పోయిన సందు వైపు చూశాడు.

“మరి ఆ ఏడుపు?”

“అది మన సందులోకి తిరిగాక మొదలుపెట్టారు.”