ఎర్రజుట్టు వాడి ఆట

హార్లో కాలేజీ ఆ ఏడు ఒక్క ఆటా గెలవలేదు. ఓడిన ప్రతిసారీ ఊళ్ళో మంగలి దగ్గర్నుంచి పాస్టరు దాకా అందరూ జట్టుకు ఆట నేర్పే టటిల్ మాస్టారికే ఫుట్‌బాల్ నేర్పడానికి తయారయ్యేవారు.

మాస్టారు పొట్టకూటికి లాటిన్ చెప్పేవారు. ప్రాణం మాత్రం ఫుట్‌బాల్ మీదే; బంతి చంకన పెట్టుకుని అవతలివాళ్ళ గీత దాటే అమెరికా ఆట అది. థాంక్స్‌గివింగ్ పండగ నాటి ఆఖరి ఆటైనా గెలవకపోతే జట్టును ఎత్తేసి, మైదానంలో బంగాళాదుంపలు నాటిస్తానని కాలేజీ ప్రెసిడెంటు తేల్చేశాడు. అన్నంత పనీ చేసే మనిషి ఆయన.

ఆ రోజు లిండ్లీ కాలేజీతో ఆట. ముందు రాత్రి కురిసిన వానకి మైదానం అంతా బురద.

ఆట మొదలయ్యాక బయటినుంచి ఒక్క మాట చెప్పినా జట్టుకు శిక్ష పడే రోజులవి. మాస్టారు దుప్పటి కప్పుకుని, నోరు కట్టేసుకుని బెంచీ మీద కూర్చున్నారు.

హార్లో కెప్టెన్ ఓర్విల్ అంకెలు అరిచాడు. బంతి ఎటు పోతుందో తనవాళ్ళకు మాత్రమే తెలిసే గుట్టు అది. బంతి ఎడమకు వెళ్ళింది. లిండ్లీ వరసలోని ఎర్రజుట్టు వాడొకడు అప్పటికే ఎడమవైపు కాచుకుని ఉన్నాడు. కుడికి వెళితే కుడివైపు ఉన్నాడు. ఓర్విల్ అంకెలు పూర్తిచేసేలోపే వాడు కదులుతున్నాడు. పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నట్టే బురదలో కూల్చేస్తున్నాడు.

"మాస్టారూ, వాడికి కూడా మీరే పాఠం చెప్పినట్టున్నారే" అన్నారెవరో వెనకనుంచి. జనం ఘొల్లుమన్నారు. మాస్టారు తల తిప్పలేదు.

విరామంలో ఓర్విల్ ముక్కునుంచి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ వచ్చాడు.

"అంకెలు మార్చేద్దాం సార్."

"ఇప్పుడు మారిస్తే మనవాళ్ళే ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు."

"పోనీ, వాణ్ణి తీసెయ్యమని వాళ్ళ కెప్టెన్ని అడగండి."

"ఏ మొహం పెట్టుకుని అడగమంటావురా?"

ఓర్విల్ ముక్కు నొక్కుకుంటూ మైదానంలోకి వెళ్ళిపోయాడు.

రెండో సగంలో లిండ్లీ వాళ్ళు ఒకసారి గీత దాటారు. హార్లో దాటలేకపోయింది. ఆఖర్న ఓర్విల్ ఎలాగో అందర్నీ విదిలించుకుని పరుగెత్తాడు. గీత నాలుగడుగుల దూరంలో ఉంది. పక్కనుంచి ఎర్రజుట్టు వాడు దూసుకొస్తున్నాడు. ఓర్విల్ చూడలేదు. మాస్టారు చూశారు. లేచి నిలబడి, అరవబోయి, తన నోరు తనే మూసుకున్నారు. ఇద్దరూ బురదలో పడ్డారు. ఈల మోగింది.

ప్రెసిడెంటు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి బగ్గీ ఎక్కాడు. మాస్టారికి ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం కూడా చేతకాక, అలాగే నిలబడిపోయారు.

ఎర్రజుట్టు వాడు ఆయాసపడుతూ తిన్నగా ఆయన దగ్గరికే వచ్చాడు. వాడి మొహం చాటంతైంది.

"బాగా ఆడానా సార్?" అన్నాడు.

మాస్టారు తల ఊపారు. అంతకుమించి ఏం చెయ్యగలరు?

పొద్దున లిండ్లీ జట్టు ఒక మనిషి తక్కువతో రైలు దిగితే, వచ్చినవాళ్ళ లోటు ఊరివాళ్ళే పూడ్చే ఆనవాయితీ తప్పకూడదని, ఎందుకూ పనికిరాడనుకుని సీజనంతా బెంచీ మీదే కూర్చోబెట్టిన తన ఎర్రజుట్టు కుర్రాణ్ణి వాళ్ళకి అరువిచ్చింది మాస్టారే.