మూడోసారి ఊడిన టాపు గుడ్డ

పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పే పాత అంబాసిడర్‌లో లోపలి టాపు గుడ్డ మూడోసారి ఊడింది. జితేందర్ బండిని బమ్రోలి నుంచి గోడాదరాలోని కోమలి సీట్ల దుకాణానికి తెచ్చాడు.

కోమలి డ్రైవర్ సీట్లో కూర్చుని పైకి చూసింది. అతను పక్క సీట్లోకి ఎక్కాడు. వెనక సీటు చిరుగుకు ఆమె బాపు తలెత్తకుండా కుట్లు వేస్తున్నాడు.

ఆమె ఒక మూల లాగిందో లేదో, గుడ్డంతా జారి ఇద్దరి మధ్య పెళ్ళిపీటల మీది అడ్డుతెరలా వేలాడింది.

జితేందర్‌కు ఒళ్ళు మండింది. “గోడాదరాల అందరి బండ్లకు నువ్వే కుడుతవ్. ఒక్కటి ఊడదు. నా బండికే ఏమైతది?”



“గమ్ము మంచిగ పెడితె నువ్వు మల్ల వస్తవా?” అంది తెర అవతలి నుంచి కోమలి.

అతని కోపం ఎటు పోయిందో తెలియలేదు. జారిపోతున్న గుడ్డ అంచును గట్టిగా పట్టుకున్నాడు.

“తెరయితే పట్టినం. ఇగ జీలకర్ర బెల్లమే తక్కువ,” అన్నాడు మెల్లగా.

వెనక సీట్లో సూది ఆగింది.

“రెండోసారి ఊడినప్పుడే తెచ్చిపెట్టిన,” అన్నాడు బాపు.