ఇంట్లో అనకూడని మాట

మాంసం కొట్టాయన తన బావమరిదిని చొక్కా పట్టుకుని గోడకేసి బాదాడు. ఆ దెబ్బకు గోడమీది బల్లి పక్కింటికి మకాం మార్చిందంటే నమ్మండి.

"అక్క క్యాన్సర్ గురించి, మనసులో బాధ గురించి మాట్లాడి ధైర్యం చెప్పేవాళ్లు ఆస్పత్రిలో ఉన్నారు, తీసుకెళ్దాం అన్నాను. అంతేగా బావా!"

"మళ్లీ అన్నావూ? ఆ మాట నా ఇంట్లో అంటే నరుకుతా!"

అన్నంత పనీ చేసేవాడే. చొక్కా వదిలి, చేతికందిన మాంసం కత్తి విసిరాడు. అది బావమరిది చెవిని రాసుకుంటూ పోయి తలుపులో దిగబడింది. చెవి వెంట నెత్తురు కారింది.

లోపల మంచం మీదున్న ఇల్లాలు గోడ పట్టుకుంటూ వచ్చింది. వస్తూనే మొగుడి చెంప ఛెళ్లుమనిపించింది.

"క్యాన్సర్. నాకు క్యాన్సర్. ఏదీ, నరుకు!"

అతను ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నువ్వు వింటే బెదిరిపోతావనే కదే..."

"ఎప్పుడో బెదిరాను. చెప్పుకుందామంటే మనిషిని మిగిల్చావా? వచ్చినవాళ్లందర్నీ తన్ని తరిమావు."

దున్నపోతంత మనిషి నేలమీద కూలబడ్డాడు.

"నాకు చెప్పు," అన్నాడు. గొంతు పిల్లికూనలా పీలగా వచ్చింది.

బావమరిది చెవి అదుముకుంటూ మెల్లిగా గుమ్మం దాటబోయాడు.

"నువ్వెక్కడికిరా? కూర్చో," అంది అక్క. "నేను చెప్పడం మొదలెడితే మీ బావని పట్టుకోవడం నా ఒక్కదాని వల్ల కాదు."