ఊ కొట్టే తోడు

డుంబ్రిగుడ కొండవాలులో చోడి చేను కోతకొచ్చింది. పందులు రాకుండా మంగ్లు మంచె మీద కూర్చుని, లాంతరు వెలుగులో నవల పైకి చదువుతున్నాడు. రాజుల కాలంనాటి హత్యల కథ అది, భాగాలు భాగాలుగా వచ్చింది. భార్య దేముడమ్మకు చదువు రాదు. ప్రతి భాగమూ అతను చదువుతుంటే ఆమె ఊ కొట్టేది. ఆఖరి భాగం చేతికొచ్చేసరికి ఆమె లేదు.

పక్క చేను ధర్మ ఇంటికి పోతూ కింద నుంచి అరిచాడు.

"మావా, ఎవులికి సదువుతున్నావేటి?"

"పందులికిరా."

"అయితే హంతకుడెవుడో అవే సెప్పీత్తాయిలే!"

ధర్మ నవ్వు దిగువన పారే గెడ్డ చప్పుడులో కలిసిపోయింది.

రాణిగారి నగల పెట్టెలో కత్తి దొరికిన చోట మంగ్లు అలవాటుగా ఆగాడు. ఇలాంటప్పుడే దేముడమ్మ, "ఆ దివానుగోడే సంపీసుంటాడు, సూడు" అనేది.

చేనులోంచి ఎవరో "ఊ" అన్నారు.

కీచురాళ్లు ఆగిపోయాయి. లాంతరు ఎత్తి చూశాడు. ఒక్క కంకీ కదలడం లేదు. లాంతరు దించి మరో వాక్యం చదివాడు.

"ఊ." ఈసారి మంచె కిందే.

ఆ గొంతు దేముడమ్మది కాదు. ఆమె ఊ పొట్టిగా, నిద్రమత్తుగా ఉండేది. ఇది పొడుగ్గా, తడిగా ఉంది. దూకి పారిపోదామనుకున్నాడు. కానీ ఆమె పోయాక అతని చదువుకు ఊ కొట్టినవాళ్లే లేరు. పుస్తకం మూస్తే ఇదీ పోతుంది.

నిచ్చెన కిర్రుమంది.

మంగ్లు చాప మీద కాస్త పక్కకు జరిగి, పేజీ తిప్పాడు.