ఎవరి సెలవు?

"ఆదివారంలోపల గది ఖాళీ కావాలె. ఇది నా మాట కాదు. స్వామి సెలవు."

ఇంటాయన కిషన్ రావు మిద్దె మీది రేకుల గది ముందు నిలబడి, తీర్పు చదివినట్టు చెప్పాడు. లోపల చదువుకుంటున్న మంజుల లేచి గుమ్మంలోకి వచ్చింది.

"సెలవంటే ఏంది సార్?"

"గ్రూప్స్ రాస్తున్నవ్, గిది తెల్వదా? దేవుడు చెప్పే మాటను సెలవంటరు."

"మా ఊర్లె బడి బంద్ ఉంటే సెలవంటరు. పోయేటోళ్లు గూడ సెలవంటరు."

"మంచిది. గదే అని పో."

"ఇరవయ్యో తారీఖు పరీక్ష సార్. మూడేండ్ల సంది చదువుతున్న. గిప్పుడు అశోక్‌నగర్ అంత తిరిగినా గది దొరకదు."

"పోయి స్వామినే అడుగు."

నిజానికి ఆ నెలలో కిషన్ రావు గుడి మెట్టే ఎక్కలేదు. ఆ గదిలో నాలుగు మంచాలు వేసుకుంటానన్న హాస్టల్ ఆయనకు మాట ఇచ్చేశాడు, అంతే. దేవుడి పేరు చెబితే చిక్కడపల్లిలో ఎదురు మాట్లాడేవాళ్లు ఉండరని అతని ధీమా.

మర్నాడు పొద్దున్నే పైకి నీళ్లు బంద్ చేశాడు. అతనింకా వాల్వు దగ్గర ఉండగానే మంజుల ఖాళీ బకెట్టుతో దిగి వచ్చింది.

"నేను గూడ అడిగిన సార్."

"ఎవర్ని?"

"సమ్మక్కను."

వాల్వు మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. మేడారంలో సమ్మక్క దేవత గద్దె దగ్గర వాళ్లమ్మ మొక్కుకుంటే పుట్టినవాడు కిషన్ రావు. జాతర జాతరకూ నిలువెత్తు బెల్లం ఇచ్చేవాడు. పోయినసారి మాత్రం ఎగ్గొట్టాడు.

"ఏం... ఏం సెలవైంది?"

"పరీక్ష అయ్యేదాక కదలకు అన్నది."

"నీతోని మాట్లాడిందా?"

"మాట్లాడకుంటే నాకెట్ల తెలుస్తది? మీ పేరు గూడ చెప్పిన. యాది పెట్టుకుంట అన్నది."

"నా పేరెందుకు చెప్పినవే పిల్లా!"

"చెప్పకుంటే ఎట్ల సార్? నీళ్లు బంద్ చేసినా, తాళం ఏసినా చెప్పమన్నది. మిగిలింది తను చూసుకుంటదట."

కిషన్ రావు పైకి చూసి ఒక దండం పెట్టుకున్నాడు.

"పరీక్ష దాక ఆగమన్నడు స్వామి."

"ఎప్పుడన్నడు?"

"గిప్పుడే. జర నోరు ముయ్యి!"

వాల్వు తిప్పి నీళ్లు వదిలేసి లోపలికి పోయాడు. సాయంత్రం నారాయణగూడ నుంచి ఐదు కిలోల బెల్లం తెచ్చి, ఆయాసపడుతూ మెట్లెక్కి మంజుల ముందు పెట్టాడు.

"నా దిక్కుకెల్లి సమ్మక్కకు ముట్టజెప్పు. ఇగ నా పేరు ఎత్తకు."

"గింత బెల్లం ఎందుకు సార్?"

"ముట్టజెప్పు అంటున్నగా!"

"సరె. రేపు విద్యానగర్ పోయినప్పుడు ఇస్త."

"విద్యానగర్‌ల గద్దె యాడిది?"

మంజుల అతన్ని ఎగాదిగా చూసింది.

"గద్దె ఏంది సార్? సమ్మక్క వకీలు."