ఆయా పేరు

గేటు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. గడియ తీయకుండానే వకీలు అడిగాడు.

"ఎవరు కావాలి?"

"మీ ముత్తవ్వ పేరు కోసం వెతుకుతున్నావంట కదా నాయనా."

నిజమే. తెల్లదొరల కాలంలో ముత్తవ్వ దొర బంగళాలో పిల్లల్ని పెంచింది. అందరూ ఆయా అన్నారు. ఆయాగానే చచ్చిపోయింది. దొర సమాధి మీద అతని గుర్రం పేరు కూడా ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు.

వకీలు గీసిన వంశవృక్షంలో ఆమె గడి ఒక్కటే ఖాళీ. అది నిండితే గాని తనకు చావు కూడా రాదన్నట్టు ఏళ్ల తరబడి తిరుగుతున్నాడు.

"నీకెలా తెలుసు?"

"తెలుసులే."

"మీ నాన్న పేరేంటి?"

ముసలామె నేలకేసి చూసింది. "చెప్పుకునే పుట్టుక కాదు నాయనా నాది."

వకీలు నవ్వాడు. కోర్టులో సాక్షి తడబడినప్పుడు నవ్వే నవ్వు అది.

"మొన్నొకడు పెదనాన్ననంటూ వచ్చి రెండు పూటలా మెక్కి పోయాడు. నువ్వేమవుతానంటావు, అవ్వవా?"

"పేరు రాసుకో. నా దారిన నేను పోతాను."

"తండ్రి పేరు లేనిదాని సాక్ష్యం చెల్లదు. కదులు ముందు."

లోపల్నుంచి భార్య అంది. "వింటే మీ సొమ్మేం పోతుందండీ?"

"నువ్వు పొయ్యి చూసుకో."

ముసలామె వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఒక దర్జీ వచ్చాడు.

"మా పక్కగది ముసలమ్మ పోయిందండీ. మొన్నొక రోజు మీ ఇంటికనే బయల్దేరింది. ఆమెకు నా అన్నవాళ్లెవరూ లేరు. మీరొచ్చి మట్టి చేస్తారేమోనని..."

"దారిన పోయే శవాన్ని నా నెత్తిన పెడతావేంటయ్యా?"

దర్జీ వెనుదిరిగాడు. మునిసిపాలిటీ బండి వచ్చి శవాన్ని తీసుకుపోయింది.

ఆదివారం వకీలు తన మేనత్తను చూడబోయాడు. ఆమె మంచాన పడి ఏడాదైంది. వంశవృక్షం చేతికిస్తే కళ్లద్దాలు సర్దుకుని పైనుంచి కిందికి చూసింది.

"అందరూ మగాళ్లేనట్రా? ఆయాకు కూతురుందిగా."

"కూతురా? ఎన్నడూ చెప్పలేదే!"

"కొడుకులెంతమందని అడిగావు. ఇద్దరన్నాను. బంగళాలో పుట్టిన పిల్లని మా నాన్న గడప తొక్కనివ్వలేదు."

వకీలు మంచం దగ్గరికి జరిగాడు.

"ఇప్పుడెక్కడుంది అత్తా?"

"అదేంట్రా, నీ దగ్గరికెళ్లి వాళ్లమ్మ పేరు చెప్పి రమ్మని నేనే కబురు పెట్టాను, రాలేదా?"