ఉతికి ఆరేయని నేరం

విశ్వవిద్యాలయాల విచారణలన్నీ అధ్యాపకుల ఇళ్ల గోడలే జరుపుతున్న రోజులవి. హైమవతి వంటింట్లో గోంగూర వలుస్తుంటే గోడ మీద దీపం మళ్లీ వెలిగింది.

"కెమిస్ట్రీ అధ్యాపకురాలు హైమవతి గారూ, ల్యాబ్ రికార్డు తేకపోతే ఉతికి ఆరేస్తానని కిరీటి అనే విద్యార్థికి మాటిచ్చారు. అతను తేలేదు. మీరు ఆరేయలేదు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం తొలగింపునకు కారణం."

"ఎన్నిసార్లు చెప్పాలి? మాటవరసకన్నాను!"

"మాటవరసకు మాట్లాడటం మరో కారణం."

అంతలో సంగతి తెలిసిన కిరీటి తలుపు తోసుకుని వచ్చాడు. నిలువెల్లా తడిసి ఉన్నాడు, చొక్కా నిండా బట్టల క్లిప్పులు.

"మేడమ్ నన్ను ఉతికేశారండీ! ఇందాకటి నుంచి డాబా మీద తీగకి వేలాడుతున్నానండీ!" అన్నాడు గోడతో.

"సబ్బు వాసన లేదు. సాక్ష్యం చెల్లదు."

హైమవతికి ఒళ్లు మండింది. "పొద్దున్నుంచీ నా బుర్ర తింటున్నావు కదే!"

గోడ ఆ మాటను నమోదు చేసుకుంది.

"అధ్యాపకుల అవయవాలు తినడం తొలగింపునకు కారణం. విచారణాధికారిని తొలగించడమైనది."

దీపం ఆరిపోయింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ముందుగా తేరుకున్నది హైమవతే.

"అది సరే, రికార్డేదిరా?"

"తెచ్చానండీ. అదీ తడిసిపోతే డాబా మీద ఆరేశాను."